అజమాయిషీ ఎక్కువ, పర్యవేక్షణ తక్కువ: పోలీస్ స్టేషన్‌ను ఎవరు చూస్తున్నారు?

స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోలేదంటే మన ఇళ్లలో ముందుగా వచ్చే మాట ఎస్పీ ఆఫీసు గురించి కాదు, కోర్టు గురించీ కాదు. "ఎమ్మెల్యే గారితో ఒక ఫోన్ చేయిస్తే పనైపోతుంది" అంటారు. ఎమ్మెల్యే దాకా దారి లేనివాళ్లు మండల నాయకుణ్నో, మాజీ సర్పంచినో పట్టుకుంటారు. ఫోన్ వెళ్తుంది. పొద్దున "రేపు రా" అని పంపేసిన స్టేషన్‌లోనే సాయంత్రం కుర్చీ వేసి కూర్చోబెడతారు. అవతలి వాళ్లకు ఇంకా పెద్ద నాయకుడు తెలిసి ఉంటే మాత్రం కుర్చీ వాళ్లకు పోతుంది, కేసు మన మీదికి వస్తుంది.

రాజ్యాంగం ప్రకారం పోలీసు వ్యవస్థ రాష్ట్రాల జాబితాలోని అంశం. అంటే మన స్టేషన్‌ను చూసుకోవలసింది హైదరాబాద్‌లోనో అమరావతిలోనో ఉన్న రాష్ట్ర ప్రభుత్వమే. చూసుకోవడం అన్న మాటలో రెండు పనులు కలిసిపోయి ఉన్నాయి. ఫలానా పని చెయ్యి, ఫలానా వాణ్ని వదిలెయ్యి అని చెప్పి చేయించుకోవడం అజమాయిషీ. చేసిన పని చట్టప్రకారం ఉందా అని చూసి, లేకపోతే సంజాయిషీ అడగడం పర్యవేక్షణ. తెలుగు రాష్ట్రాల్లో పోలీసు శాఖ మీద మొదటిదానికి లోటు లేదు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా రోజూ నడుస్తూనే ఉంటుంది. రెండోది మాత్రం చాలావరకు జీవోల్లోనే ఉండిపోయింది. పోలీసు సంస్కరణల మీద ఎంత చర్చ జరిగినా ఈ తేడా దగ్గరికి రాకపోతే ఆ చర్చ గాలిలోనే ఉంటుంది.

ఈ చిక్కు ఇప్పటిది కాదు. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో శిస్తు వసూలు, పోలీసు అధికారం రెండూ తహసీల్దారు చేతిలోనే ఉండేవి. శిస్తు కట్టలేని రైతును ఎండలో వంచి నిలబెట్టడం, వేళ్లను చెక్కల మధ్య పెట్టి నొక్కడం వసూలు పద్ధతుల్లో భాగమైపోయాయి. లండన్ పార్లమెంటులో ఈ సంగతి మీద గొడవ జరిగాక ఒక విచారణ సంఘాన్ని వేశారు. చిత్రహింసల కమిషన్‌గా పేరుపడిన ఆ సంఘం 1855లో నివేదిక ఇచ్చింది. హింస నిజమేనని తేల్చింది. అంతకంటే తమను ఎక్కువగా బాధపెట్టిన సంగతి ఒకటుందని కూడా చెప్పింది: దెబ్బలు తిన్నవాడికి మొర పెట్టుకునే దారి లేకపోవడం. కలెక్టరు కచేరీకి వెళ్లాలంటే పనులు మానుకుని రోజుల తరబడి నడవాలి. అర్జీ రాసి పంపితే, "తహసీల్దారును కలవండి" అన్న ఎండార్స్‌మెంటుతో తిరిగి వచ్చేది. కొట్టించింది ఆ తహసీల్దారే.

ఈ రోజు జిల్లా కేంద్రంలో సోమవారం అర్జీల కార్యక్రమంలో పోలీసుల మీద ఇచ్చిన కాగితం ఎక్కడికి వెళ్తుందో తెలిసినవాళ్లకు ఈ వాక్యం చదివితే గుండె కలుక్కుమంటుంది. ఎస్పీ ఆఫీసు నుంచి డీఎస్పీకి, డీఎస్పీ నుంచి సీఐకి, సీఐ నుంచి మళ్లీ అదే స్టేషన్‌కు విచారణ కోసం దిగి వచ్చిన అర్జీలు ఎన్నో.

ఆ నివేదిక వచ్చాకే 1859లో మద్రాసు జిల్లా పోలీసు చట్టం వచ్చింది. రెవెన్యూ నుంచి పోలీసును విడదీసి, జిల్లాకు ఒక సూపరింటెండెంటును పెట్టారు. 1857 తిరుగుబాటు భయం ఇంకా తీరని తెల్లదొరలు రెండేళ్లకే, 1861లో, మిగతా దేశానికి పోలీసు చట్టం చేశారు. తెలంగాణకు నిజాం కాలంలో, అప్పటి ఫస్లీ సంవత్సరాల లెక్కలో, వేరే చట్టాలు వచ్చాయి: జిల్లాలకు 1329 ఫస్లీలో ఒకటి, హైదరాబాద్ నగరానికి 1348 ఫస్లీలో మరొకటి. స్వాతంత్ర్యం వచ్చాక సవరణలు జరిగాయి, పేర్లు మారాయి. పునాది మాత్రం అదే. 1861 చట్టం మూడో సెక్షన్‌లో ఒక మాట ఉంది: పోలీసుల మీద 'సూపరింటెండెన్స్', అంటే పైనుంచి చూసుకునే అధికారం, ప్రభుత్వానిదే. ఆ మాటకు హద్దు ఎక్కడో చట్టం చెప్పలేదు. రాష్ట్రంలో గంజాయి రవాణా మీద గట్టిగా పని చేయండి అని హోంమంత్రి చెప్పడం సూపరింటెండెన్స్ అవుతుంది. ఫలానా గంజాయి కేసులో ఫలానా కుర్రాడి పేరు తీసేయండి అని చెప్పడం అవుతుందా? రాజుకు విధేయంగా ఉండే బలగం కావాలనుకున్న వాళ్లకు ఆ ప్రశ్న అవసరం లేకపోయింది. ప్రజలు ఓటేసి ఎన్నుకున్న ప్రభుత్వాలు కూడా ఆ ప్రశ్నను అలాగే వదిలేశాయి, ఎందుకంటే హద్దు లేని అధికారం ఎవరికీ చేదు కాదు.

బదిలీ అనే తాడు

ఆచరణలో ఈ అజమాయిషీ అంతా ఒకే తాడుతో నడుస్తుంది. అది పోస్టింగు. కాగితం మీద ఎస్సైని, సీఐని మార్చేది ఎస్పీ, ఆ పై అధికారులు. కానీ నియోజకవర్గంలోని స్టేషన్‌కు ఎవరు రావాలన్నది ఎమ్మెల్యే సిఫారసు లేఖ మీద ఆధారపడుతుందన్నది రెండు రాష్ట్రాల్లోనూ అందరికీ తెలిసిన విషయం. అధికార పార్టీకి ఎమ్మెల్యే లేని చోట ఆ పార్టీ నియోజకవర్గ ఇన్‌ఛార్జి లేఖ చెల్లుతుంది. అలా వచ్చిన అధికారి ఎవరికి జవాబుదారీగా ఉంటాడో ఊహించడం కష్టం కాదు. మాట వినకపోతే 'వీఆర్'కు పంపుతారు. వేకెన్సీ రిజర్వ్ అంటే ఖాళీల కోసం ఎదురుచూసే వాళ్లను పెట్టే చోటు, అసలు ఉద్దేశం అంతే. ఇప్పుడు శాఖలో ఆ మాటకు శిక్ష అనే అర్థం స్థిరపడిపోయింది. జీతం ఆలస్యమవుతుంది, పిల్లల చదువు మధ్యలో ఊరు మారాలి, తోటివాళ్లు పలకరించడం తగ్గిస్తారు. ఈ టెన్షన్ భరించే కన్నా ఆ ఒక్క ఫోన్ విని పని చేసేయడం నయం అనిపిస్తుంది. ఇందులో వ్యక్తి మంచివాడా చెడ్డవాడా అన్నది తర్వాతి మాట.

పై స్థాయిలోనూ ఇదే. ఆంధ్రప్రదేశ్‌లో డీజీ స్థాయి అధికారి ఒకరు 2020 ఫిబ్రవరిలో సస్పెండయ్యారు. సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2022లో గెలిచారు, కొన్నాళ్లకే మళ్లీ సస్పెండయ్యారు, చివరికి 2024 మే 31న ఉద్యోగంలో చేరి ఆ సాయంత్రమే రిటైరయ్యారు. ప్రభుత్వం మారింది. 2024 ఆగస్టులో, పోస్టింగ్ లేకుండా ఎదురుచూస్తున్న 16 మంది ఐపీఎస్ అధికారులు రోజూ డీజీపీ ఆఫీసుకు వచ్చి సంతకం పెట్టి సాయంత్రం దాకా ఉండాలని మెమో వెళ్లింది. ఈ అధికారుల మీద వచ్చిన ఆరోపణల్లో నిజమెంత అన్నది వేరే చర్చ. జిల్లాలో ఉన్న ఎస్పీకి ఈ రెండు ఉదంతాల నుంచీ అందే సందేశం ఒక్కటే: ఐదేళ్లకోసారి లెక్క తేలుతుంది, ఎవరి పక్కన నిలబడ్డావో అదే లెక్క.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని నిజాయితీగా ఎదుర్కోవాలి. ప్రభుత్వం పోలీసుల మీద చేయి తీసేయాలా? అలా అడిగే రాజకీయ నాయకులు చాలామంది తమ పలుకుబడి కోసం అడుగుతారు గానీ, ప్రశ్నలో పస ఉంది. ఎవరికీ జవాబు చెప్పని పోలీసు బలగం, నాయకుడి మాట వినే బలగం కన్నా ప్రమాదకరం. ప్రజలు ఎన్నుకున్నది ప్రభుత్వాన్నే, శాంతిభద్రతలు పాడైతే ఓటుతో శిక్షించేదీ దాన్నే. కాబట్టి ప్రభుత్వానికి పాత్ర ఉండాల్సిందే. ఆ పాత్ర విధానాలు చెప్పడంలో, ఫలితాలు అడగడంలో, తప్పు చేసినవాళ్ల మీద చర్య తీసుకోవడంలో ఉండాలి. ఒక కేసులో ఎవరిని పట్టుకోవాలో, ఎవరిని వదలాలో చెప్పడం దర్యాప్తు అధికారి పని. ప్రభుత్వం దర్యాప్తులోకి దిగిన క్షణంలో, తర్వాత ఆ దర్యాప్తును తప్పుపట్టే హక్కు దానికి ఉండదు. తను చేయించిన పనిని తనే ఎలా తనిఖీ చేస్తుంది? అజమాయిషీ పెరిగిన చోటల్లా పర్యవేక్షణ చచ్చిపోవడానికి కారణం ఇదే.

2006 తీర్పు, రెండు రాష్ట్రాల జీవోలు

ఎమర్జెన్సీలో పోలీసులను వాడుకున్న తీరు బయటపడ్డాక, 1977లో ధర్మవీర అధ్యక్షతన జాతీయ పోలీసు కమిషన్ ఏర్పడింది. 1981 దాకా ఎనిమిది నివేదికలు ఇచ్చింది. అవి బీరువాల్లోకి వెళ్లాయి. ఉత్తరప్రదేశ్, అస్సాంలలో డీజీపీగా పనిచేసిన ప్రకాశ్ సింగ్ 1996లో సుప్రీంకోర్టుకు వెళ్లకపోతే అక్కడే ఉండేవి. పదేళ్ల తర్వాత, 2006 సెప్టెంబర్ 22న కోర్టు ఏడు ఆదేశాలు ఇచ్చింది. రాష్ట్రాలు చట్టాలు చేసుకునేదాకా ఇవే చట్టంలా అమలు కావాలంది.

ఏడింటిలో పర్యవేక్షణకు ప్రాణం లాంటివి మూడు. మొదటిది రాష్ట్ర భద్రతా కమిషన్. ముఖ్యమంత్రి లేదా హోంమంత్రి ఛైర్మన్‌గా ఉంటారు, ప్రతిపక్ష నాయకుడూ బయటి సభ్యులూ అందులో ఉంటారు. పోలీసు విధానం ఏమిటో రాతపూర్వకంగా చెప్పాలి, ఏడాదికోసారి శాఖ పనితీరు మీద నివేదిక తయారుచేసి శాసనసభ ముందు పెట్టాలి. ప్రభుత్వ అధికారాన్ని ఇది తీసేయదు, అందరూ చూసేలా వాడమంటుంది. రెండోది పదవీకాలం: డీజీపీకి, జిల్లా ఎస్పీకి, స్టేషన్ హౌస్ ఆఫీసర్‌కు కనీసం రెండేళ్లు. డీజీపీని యూపీఎస్సీ ఎంపిక చేసిన ముగ్గురు సీనియర్లలోంచే తీసుకోవాలి. మూడోది పోలీసు ఫిర్యాదుల అథారిటీ. దాని సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

మొదటి రెండింటి కథ త్వరగా చెప్పేయొచ్చు. అమలును చూడటానికి సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ కె.టి. థామస్ కమిటీ, రాష్ట్రాల ఉదాసీనత చూసి 2010లో తన నివేదికలోనే నిరాశ వ్యక్తం చేసింది. తెలంగాణలో భద్రతా కమిషన్‌కు, ఫిర్యాదుల అథారిటీకి ఉత్తర్వులు వచ్చేసరికి 2021 అయింది, అదీ హైకోర్టు పట్టుబట్టాక. డీజీపీ విషయంలో 'ఇన్‌ఛార్జి' అనే మాట దారి చూపించింది. తాత్కాలిక డీజీపీలను పెట్టొద్దని సుప్రీంకోర్టు 2018 జులైలో స్పష్టంగా చెప్పింది. అయినా ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఫిబ్రవరిలో పూర్తి అదనపు బాధ్యతల మీద డీజీపీ అయిన అధికారి, 2024 మేలో ఎన్నికల సంఘం మార్చేదాకా అదే హోదాలో కొనసాగారు. తెలంగాణలోనూ 2023 మొదలు ఇన్‌ఛార్జి డీజీపీలనే చూశాం. ఇన్‌ఛార్జికి పదవీకాలం భరోసా ఉండదు. ఏ రోజైనా ఒక జీవోతో పంపేయొచ్చు. అలా పంపేయగలగడమే ప్రభుత్వాలకు ఆ పద్ధతి నచ్చడానికి కారణం అనుకోవాలి.

ఫిర్యాదుల అథారిటీ

2006 తీర్పు ప్రకారం ప్రతి జిల్లాలో ఒక పోలీసు ఫిర్యాదుల అథారిటీ ఉండాలి. రిటైరైన జిల్లా జడ్జి దానికి పెద్ద. కానిస్టేబుల్ నుంచి డీఎస్పీ దాకా ఎవరి మీదైనా ఫిర్యాదు అక్కడ ఇవ్వొచ్చు. కస్టడీలో చావు, తీవ్రమైన గాయం, అత్యాచారం లాంటి ఘోరాలే కాదు, డబ్బు గుంజడం, ఇల్లూ భూమీ కబ్జా చేయించడం, అధికారాన్ని దారుణంగా దుర్వినియోగం చేయడం కూడా దాని పరిధిలోకి వస్తాయి. ఎస్పీ, ఆ పై అధికారుల మీద ఫిర్యాదులకు రాష్ట్ర స్థాయిలో, హైకోర్టు లేదా సుప్రీంకోర్టు రిటైర్డ్ జడ్జి నాయకత్వంలో మరొకటి ఉండాలి. చర్య తీసుకోవాలని అథారిటీ చెబితే శాఖ పాటించి తీరాలి. ఈ చివరి మాటే దీన్ని మిగతా కమిషన్ల నుంచి వేరు చేస్తుంది.

మన రోజువారీ బాధలతో దీన్ని పోల్చి చూడండి. సివిల్ తగాదాలో ఎస్సై స్టేషన్‌కు పిలిపించి 'సెటిల్‌మెంట్' చేయించాడు. స్టేషన్ బెయిల్ ఇవ్వడానికి డబ్బడిగారు. దొంగతనం కేసులో అనుమానం అని ఇంటి మనిషిని రెండు రోజులు ఉంచుకుని, స్టేషన్ రోజువారీ రికార్డైన జనరల్ డైరీలో రాయలేదు. వీటికి హైకోర్టు దాకా వెళ్లే స్తోమత ఎవరికుంది? జిల్లా కేంద్రంలో ఒక గది, ఒక రిటైర్డ్ జడ్జి, పోలీసు శాఖకు చెందని ఇద్దరు ముగ్గురు విచారణాధికారులు, ఒక రసీదు పుస్తకం ఉంటే చాలు. 1855లో కమిషన్‌ను బాధపెట్టిన దూరం తగ్గేది అక్కడే.

జరిగింది వేరు. జిల్లా అథారిటీ ఆఫీసు ఎక్కడుందో చెప్పమని దారిన పోయే పదిమందిని అడిగితే, అలాంటిది ఒకటుందన్న సంగతే చాలామంది వినలేదంటారు. రాష్ట్ర స్థాయిలో కూడా ఛైర్మన్ నియామకమే వివాదమైంది. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి పంపిన పేర్లలోంచి ఛైర్మన్‌ను ఎంచుకోవాలని 2006 తీర్పు చెప్పింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021లో ఆ పద్ధతి పాటించకుండా ఒక రిటైర్డ్ జడ్జిని నియమిస్తే, అదే ఏడాది హైకోర్టు ఆ జీవో అమలును ఆపేసింది. ఈ పట్టింపు చిన్నదనిపించొచ్చు. పోలీసుల మీద విచారణ చేసే మనిషిని పోలీసుల యజమానే సొంతంగా ఎంచుకుంటే బాధితుడికి నమ్మకం ఎలా కుదురుతుంది? నియామకం పద్ధతే ఇక్కడ సగం న్యాయం.

సగటు కానిస్టేబుల్ వైపు నుంచి చూసినా ఈ వ్యవస్థ అవసరమే. నోటిమాటగా వచ్చిన ఆదేశాన్ని అమలు చేసేది అతను. గొడవై, వీడియో బయటికొచ్చి, మీడియాలో రచ్చ అయితే సస్పెన్షన్ కాగితం అందుకునేదీ అతనే. ఆదేశం ఇచ్చిన వాళ్ల పేరు ఏ రికార్డులోనూ ఉండదు. 2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు స్టేషన్‌లో ఒక దళిత మహిళ కస్టడీలో చనిపోయింది. తర్వాతి నెలలో ఎస్సైని, ఇద్దరు కానిస్టేబుళ్లను ఉద్యోగం నుంచి తొలగించారు. ఆ చర్య సరైనదే, అరుదైనది కూడా. కానీ అలాంటి స్టేషన్‌ను ఏడాది పొడవునా తనిఖీ చేయాల్సిన పై అధికారులు అంతకు ముందు ఏం చూశారు, ఏం రాశారు అన్న ప్రశ్న ఎవరూ అడగరు. చావు జరిగాక తీసుకునే చర్యను పర్యవేక్షణ అని పిలవలేం.

పూలు చల్లిన రోజు

ఈ విషయంలో తప్పంతా ప్రభుత్వాల మీద నెట్టేస్తే అన్యాయం అవుతుంది. 2019 డిసెంబర్ 6న, దిశ కేసులో నలుగురు నిందితులను చటాన్‌పల్లి దగ్గర పోలీసులు కాల్చి చంపినప్పుడు, అక్కడికి చేరిన జనం పోలీసుల మీద పూలు చల్లారు. మిఠాయిలు పంచుకున్నారు. ఒక ఆడపిల్లకు జరిగిన ఘోరం చూసి రగిలిన కోపం అది, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. సుప్రీంకోర్టు జస్టిస్ వి.ఎస్. సిర్పూర్కర్ నాయకత్వంలో విచారణ కమిషన్ వేసింది. 2022 మేలో బయటపెట్టిన ఆ నివేదిక, కాల్పులు చంపాలన్న ఉద్దేశంతోనే జరిపినవని, ఆత్మరక్షణ కథ నమ్మదగినది కాదని తేల్చింది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా చెప్పింది. పదిమంది పోలీసుల మీద హత్య విచారణ జరగాలంది. తర్వాతి వ్యవహారాన్ని సుప్రీంకోర్టు తెలంగాణ హైకోర్టుకు పంపింది.

ఆ నలుగురే నేరం చేశారో లేదో తేల్చాల్సిన కోర్టుకు ఇక ఆ అవకాశం లేకుండా పోయింది. దిశ కుటుంబానికి కూడా నిజం ఒక తీర్పు రూపంలో ఎప్పటికీ అందదు. పూలు చల్లిన చేతులు ఆ పోలీసులకు చెప్పింది ఏమిటంటే, మమ్మల్ని సంతోషపెడితే చాలు, ఎలా చేశారో అడగం అని. ఓట్ల కోసం బతికే ప్రభుత్వం ఆ మాట వింటుంది. అలాంటి రోజున పోలీసులను ప్రశ్నించే మంత్రి ఉండడు. అందుకే జనం చప్పట్లకూ, మంత్రుల ఫోన్లకూ అతీతంగా ఉండే సంస్థ ఒకటి కావాలి.

మానవ హక్కుల కమిషన్ అలాంటి సంస్థే అయి ఉండాల్సింది. 1993 నుంచి, కస్టడీలో మరణం జరిగితే 24 గంటల్లో జాతీయ కమిషన్‌కు తెలియజేయాలన్న నియమం ఉంది. కానీ కమిషన్ చేసేది సిఫారసు మాత్రమే, ఘటన జరిగి ఏడాది దాటితే తీసుకోదు. పైగా కుర్చీలే ఖాళీగా ఉంటే సిఫారసు కూడా ఉండదు. తెలంగాణ కమిషన్‌లో 2022 చివర్లో పాత ఛైర్మన్ గడువు ముగిశాక, కొత్త ఛైర్మన్ 2025 ఏప్రిల్‌లో గానీ రాలేదు. రెండేళ్లకు పైగా ఏడాది గడువు గడియారం మాత్రం బాధితుల మీద తిరుగుతూనే ఉంది.

ఎన్నికల నెలన్నర

పర్యవేక్షణ అసాధ్యం అనేవాళ్లు ఎన్నికల కోడ్ రోజులు గుర్తుచేసుకోవాలి. ప్రజాప్రాతినిధ్య చట్టం 28ఏ సెక్షన్ ప్రకారం ఆ కొద్ది వారాలు పోలీసులు ఎన్నికల సంఘం అదుపులో ఉంటారు. 2024 మేలో పోలింగ్ తర్వాత పల్నాడు, అనంతపురం, తిరుపతి జిల్లాల్లో గొడవలు చెలరేగితే, మూడు నాలుగు రోజుల్లో పల్నాడు, అనంతపురం ఎస్పీల మీద సస్పెన్షన్ వేటు, తిరుపతి ఎస్పీకి బదిలీ, పల్నాడు కలెక్టర్‌కు కూడా బదిలీ. కారణాలు రాసి మరీ చేసింది కమిషన్. ప్రధాన కార్యదర్శిని, డీజీపీని ఢిల్లీకి పిలిపించి సంజాయిషీ అడిగింది.

అందులోనూ లోపాలున్నాయి. పార్టీలు ఇచ్చే ఫిర్యాదుల మీద నడిచే పద్ధతి అది, ప్రతి ఎన్నికలో ఏదో ఒక పక్షం కమిషన్‌ను అనుమానిస్తుంది. కోడ్ ఎత్తేయగానే అంతా మొదటికొస్తుంది. అయినా ఒక సంగతి రుజువైంది. లేఖ ఇచ్చిన ఎమ్మెల్యేకు కాకుండా వేరే ఎవరికో జవాబు చెప్పాలని తెలిసిన రోజున, అదే ఎస్పీ, అదే సీఐ వేరేగా నడుచుకోవడానికి ప్రయత్నిస్తారు. మనుషులు మారలేదు, జవాబు అడిగే వాళ్లు మారారు.

గుమ్మం దగ్గరి బోర్డు

ఈ సంస్థలన్నీ సరిగ్గా నిలబడేదాకా మామూలు మనిషికి మిగిలింది కోర్టులు చెక్కిన చిన్న చిన్న మెట్లు. విచారణకు అర్హమైన నేరం (వారెంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగలిగేది) అయితే ఎఫ్ఐఆర్ నమోదు తప్పనిసరి అని 2013లో లలితాకుమారి కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, స్టేషన్‌లో తీసుకోకపోతే ఫిర్యాదును ఎస్పీకి పోస్టులో పంపొచ్చు, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు. పోస్టు రసీదు దాచుకోవడం మర్చిపోకూడదు, కోర్టు అదే అడుగుతుంది. అదే చట్టం 175వ సెక్షన్‌లో ఒక మెట్టు ఎత్తు పెంచారు. విధి నిర్వహణలో ఉన్న ప్రభుత్వోద్యోగి మీద ఫిర్యాదైతే, దర్యాప్తుకు ఆదేశించే ముందు మేజిస్ట్రేట్ అతని పై అధికారి నుంచి నివేదిక తెప్పించుకోవాలి, అతని వాదనా వినాలి. తప్పుడు కేసుల నుంచి నిజాయితీపరుణ్ని కాపాడటానికి పెట్టిన నిబంధన అంటారు. దెబ్బలు తిన్నవాడి వైపు నుంచి చూస్తే, అర్జీ మళ్లీ తహసీల్దారు దగ్గరికి వెళ్లినట్టే ఉంది.

సీసీటీవీల సంగతి అందరికీ ఉపయోగపడేది, అందుకే చివరికి ఉంచాం. 2020 డిసెంబర్ 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు, దేశంలోని ప్రతి పోలీస్ స్టేషన్‌లో లాకప్, వరండా, రిసెప్షన్, ఎస్సై గది, స్టేషన్ వెనక భాగం కూడా కనిపించేలా, మాటలు కూడా రికార్డయ్యేలా కెమెరాలు పెట్టాలంది. ఫుటేజీని 18 నెలలు, అది కుదరకపోతే కనీసం ఏడాది దాచాలంది. కెమెరాలు పని చేస్తున్నాయో లేదో చూడటానికి జిల్లాకో పర్యవేక్షణ కమిటీ వేయమంది. ఐదేళ్లు గడిచేలోపే, 2025 సెప్టెంబర్‌లో, రాజస్థాన్‌లో ఏడెనిమిది నెలల్లో 11 కస్టడీ మరణాలు జరిగాయన్న పత్రికా వార్త చూసి, సుప్రీంకోర్టు పని చేయని కెమెరాల విషయాన్ని తనంతట తనే మళ్లీ చేపట్టాల్సి వచ్చింది. హైదరాబాద్‌లో వీధి వీధినా కెమెరా ఉంది, బంజారాహిల్స్ కమాండ్ కంట్రోల్ సెంటర్‌లో కూర్చుని నగరం మొత్తాన్ని చూడొచ్చు. జనాన్ని చూడటానికి ఇంత ఖర్చు పెట్టగలిగిన ప్రభుత్వాలకు లాకప్ గది కెమెరా రిపేరు పెద్ద పనేం కాదు.

అదే తీర్పులో ఎక్కువమంది గమనించని వాక్యాలు కొన్ని ఉన్నాయి. ప్రతి స్టేషన్ గుమ్మం దగ్గర, లోపల కూడా, ఇక్కడ కెమెరాలు ఉన్నాయని ఇంగ్లిష్, హిందీలతో పాటు స్థానిక భాషలో, మన దగ్గరైతే తెలుగులో, పెద్ద బోర్డు పెట్టాలి. మీ హక్కులకు భంగం కలిగితే మానవ హక్కుల కమిషన్‌కో, మానవ హక్కుల కోర్టుకో, ఎస్పీకో ఫిర్యాదు చేయొచ్చని ఆ బోర్డు మీద రాయాలి. ఫుటేజీని ఆరు నెలలకు తక్కువ కాకుండా ఉంచుతామని (పైన చెప్పిన ఏడాది కన్నా తక్కువే అయినా బోర్డుకు తీర్పు చెప్పిన మాట ఇదే), దాన్ని చెరిపేయకుండా భద్రపరచమని అడిగే హక్కు బాధితుడికి ఉందని కూడా అదే బోర్డు మీద ఉండాలి. తేదీ, సమయం రాసి, భద్రపరచమని ఒక కాగితం ఇచ్చి, రెండో కాపీ మీద స్టేషన్ ముద్ర వేయించుకుంటే సరిపోతుంది. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి రిజిస్టర్ పోస్టులో పంపొచ్చు. ఎంత త్వరగా ఇస్తే అంత మంచిది, ఎందుకంటే గడువు దాటాక పాత రికార్డింగ్ మీద కొత్తది పడిపోతుంది.